లూథర్ గారి బాకీ

పర్లాకిమిడిలో మా అత్తకి రెండే పట్టింపులు: ఆదివారం ఆరాధన, నెల మొదటి శనివారం చిట్టీ. మొదటిదానికి ఆలస్యమైతే దేవుడు క్షమిస్తాడు. రెండోదానికి అత్త క్షమించదు.

బావ ఆర్డినేషన్ పరీక్ష, అంటే పాస్టరు కావడానికి పెట్టే పరీక్ష కూడా సరిగ్గా ఆ శనివారమే పడింది. సెమినరీ చదువు ముగిసినా, అభిషేకానికి ముందు చుట్టుపక్కల సంఘాల పాస్టర్లూ పెద్దలూ కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. నీ విశ్వాసం ఏమిటి, బాప్టిస్టులు ఎక్కణ్ణుంచి వచ్చారు, సంఘం ఎలా నడవాలి... విశ్వాసం దగ్గర బావకి బెంగ లేదు. సంవత్సరాలంటేనే టెన్షన్. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు మన సవర కొండల దాకా ఎలా వచ్చారో కూడా అడక్కుండా వదలరు. అందుకని ఒక పొడుగు నోట్‌బుక్కులో ఎడమ పక్క పేరు, కుడి పక్క అంకె, అవసరమైతే చివర ఒక ముక్క. వాక్యాలు రాస్తే బుర్రకెక్కవట.

అత్త చిట్టీ లెక్కల పుస్తకం కూడా అదే కొట్లో కొన్నది, అదే అట్ట. లోపల కూడా ఎడమ పక్క పేరు, కుడి పక్క అంకె. ఆ తెల్లవారుజామున కరెంటు పోయింది. రైలుకి టైమైపోతోందని అత్తే చీకట్లో పుస్తకం వెతికి, బావ సంచిలో కుక్కి, నౌపడ వైపు బండెక్కించింది.

సాయంత్రం వీధిలో వాళ్లంతా చేరారు. అత్తకి కళ్లజోడు విరిగి రెండు వారాలైంది. అందుకని టైలర్ గారి అమ్మాయి చేత చదివించింది. అమ్మాయి టెంత్ క్లాసు, ఉన్నది ఉన్నట్టు చదువుతుంది.

"లూథర్. 1517. తొంభై అయిదు."

"ఎవులే ఈ లూథరు? ఏ ఈధోడు?" అంది గాజుల కొట్టు అప్ప.

"ఏ లోకటా కిఏ?" అని పక్కింటి ఒడియా మాస్టారు కూడా గట్టిగానే అడిగారు. ఆయన ఈ చిట్టీలో ఏనాడూ వాయిదా తప్పని మనిషి.

"తొంభై అయిదు వాయిదాలేటి? మన చిట్టీయే ఇరవై నెల్లు కదా!" అంది అత్త, అనుమానంగా.

నాకు సంగతి అర్థమైంది. పుస్తకాలు మారిపోయాయి, లూథరంటే 1517లో చర్చి తప్పుల మీద తొంభై అయిదు వాదాలు రాసిన జర్మనీ ఆయన. కానీ అత్త చిట్టీలో సభ్యులు తప్ప ఇంకొకరు నోరెత్తకూడదు. నేను సభ్యుణ్ణి కాను. పైగా మిక్చరు ప్లేటు నా చేతిలోనే ఉంది.

"స్మిత్. 1609. తనకు తానే."

"తన పాట తనే పాడీసుకున్నాడా? చెల్లదు. రాసీమ్మా."

అమ్మాయి రాసేసింది.

"హెల్విస్. 1612. జైలు."

"అయితే ఆ డబ్బు పోయినట్టే," అన్నాడు టైలర్ మావయ్య. హెల్విస్ ఇంగ్లండులో మొదటి బాప్టిస్టు సంఘం పెట్టి జైలుకెళ్లినవాడు.

"కేరీ. 1793. చెప్పులు కుట్టేవాడు." ఇండియాకొచ్చిన ఈ మిషనరీ మీద మాత్రం అందరికీ నమ్మకం కలిగింది. కష్టం చేసుకునేవాడు ఎగ్గొట్టడని ఏకగ్రీవంగా తేల్చారు.

"క్లౌ. ఒంగోలు. 2,222. ఒక్క రోజులో." దాంతో సభలో గోల లేచింది. ఒక్క రోజులో అంత ఎవరికిచ్చారు, ఎవరిని అడిగి ఇచ్చారు, చేతులెత్తించారా లేదా? 1878లో క్లౌ దొర సంఘంలో ఒక్క రోజే అంతమంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు కూడా ఇంత చర్చ జరిగి ఉండదు.

అక్కడ బావ పరిస్థితి వేరే. బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిస్తే, 'టీచరమ్మ, 500, మూడు నెల్ల బాకీ' అని కనిపించిందట. లూథర్ లేడు, కేరీ లేడు. గుర్తున్న సంవత్సరాలు నాలుగు చెప్పాడు. తర్వాత ఒక పెద్దాయన, "లూథరన్లకి పైన సినడ్ అనే పెద్దల సభ ఉంది, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకి బిషప్పులున్నారు. మనకి పైన ఎవరూ లేరు కదా, పాస్టరు లెక్క తప్పితే ఎవరు అడుగుతారు?" అన్నారు.

బావ పుస్తకం వైపు చూశాడు. నోరు దానంతట అదే తెరుచుకుంది. "సభ్యులందరినీ పిలవాలండీ. పుస్తకం మధ్యలో పెట్టాలి. ఎవరి పేరున ఏముందో పైకి చదవాలి. కొత్తవాళ్లని చేర్చాలన్నా, ఉన్నవాళ్లని తీసెయ్యాలన్నా చేతులెత్తించాలి. నడిపేవాడికీ ఒక్క చెయ్యే. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి."

డీకన్లు, అంటే సంఘం పనులు చూసే పెద్దలు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. అందరూ క్రీస్తు కింద సమానమన్న మాట కూడా చివర్లో గుర్తొచ్చి కలిపాడు, అది లేకపోతే నిజంగా చిట్టీయే అయ్యేది. ఈ పద్ధతిలో సుఖమూ కష్టమూ ఒకటే, అందరికీ నోరుంటుంది. మా సంఘంలో ఫ్యాను కొనడానికి పెట్టిన మీటింగు చలికాలం దాకా సాగింది.

పాసైపోయి, రాత్రికి ఇంటికొచ్చి, బావ తన నోట్సు తెరిచాడు. స్మిత్ పక్కన 'చెల్లదు' చూసి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తన తల మీద తనే నీళ్లు పోసుకుని బాప్తిస్మం తీసుకున్న ఆ స్మిత్, అది చెల్లదేమోనని తర్వాత తనే మధనపడి మెన్నోనైట్ల దగ్గరికి వెళ్లాడట. మూడేళ్లు సెమినరీలో చెప్పింది అత్త ఒక్క మాటలో తేల్చేసిందని బావ ఆశ్చర్యం.

అత్తకి ఆశ్చర్యం లేదు. "ఆడి సంగతి సరే. ఒంగోలులో మనోళ్లెవరైనా ఉన్నారా? ఆ 2,222 ఆయన్ని కనుక్కోమనాలి."