డీబగ్గర్‌కు బటన్లా? హవ్వ!

లోకంలో కట్టుబాట్లు సడలిపోతున్నాయని పెద్దలు వాపోతుంటే ఇంతకాలం మేము నవ్వి ఊరుకున్నాం. పెళ్లి విందుల్లో అరిటాకులు పోయి బఫేలు వచ్చాయి, సరే అన్నాం. శుభలేఖలు పోయి వాట్సాప్ వీడియోలు వచ్చాయి, అదీ సరే అన్నాం. కానీ ఇప్పుడు నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు సీనియర్ల దగ్గరికి వచ్చి, "అన్నా, జీడీబీకి మంచి గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ ఏదైనా ఉందా?" అని అడుగుతున్నారు. చాటుగా కూడా కాదు, క్యాంటీన్‌లో అందరూ వినేలా. ఇక మాట్లాడక తప్పదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ అంటే కమాండ్లు టైప్ చేయకుండా మౌస్‌తో బటన్లు నొక్కి పని చేయించుకునే తెర. జీడీబీ అంటే గ్నూ డీబగ్గర్, ప్రోగ్రాముల్లో తప్పులు (బగ్‌లు) వెతికే పనిముట్టు. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాశాడు. సీ ప్రోగ్రామో, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామో నడుస్తూ నడుస్తూ కుప్పకూలితే ఎక్కడ కూలిందో, ఆ క్షణాన ఏ వేరియబుల్‌లో ఏముందో చూసుకోవడానికి పనికొస్తుంది. తెరవగానే కాపీరైట్ గురించి ఒక పేరా, వారంటీ ఏమీ లేదని ఒక హెచ్చరిక వస్తాయి. తర్వాత బ్రాకెట్లలో జీడీబీ అనే మూడక్షరాలు, పక్కన కర్సర్; దీన్నే ప్రాంప్ట్ అంటారు. అంతే. మీ కోడ్ చూపించదు, ఏం చేయాలో చెప్పదు, అడిగినదానికే జవాబిస్తుంది. ఇంత హుందాగా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్ ఈ రోజుల్లో ఎక్కడైనా ఉందా? మిగతావన్నీ తెరిచీ తెరవగానే కొత్త ఫీచర్లు చూస్తారా అని వెంటపడేవే.

కోడ్ చూడాలనిపిస్తే 'ఎల్' అని కొట్టాలి. పది లైన్లు చూపిస్తుంది. ఇంకా కావాలంటే ఎంటర్ కొట్టండి, ఇంకో పది ఇస్తుంది. ఒకేసారి పది లైన్లకు మించి చూడాలనుకోవడాన్ని, టైప్ చేసే కమాండ్లకే కట్టుబడిన మా వర్గంలో దురాశ అంటారు.

ఎంటర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ కొడితే జీడీబీ అంతకుముందు చేసిన పనినే మళ్లీ చేస్తుంది. అందుకని మావాళ్లు 'ఎన్' (నెక్స్ట్, అంటే తర్వాతి లైన్) అని ఒక్కసారి కొట్టి, ఆ తర్వాత ఎంటర్, ఎంటర్, ఎంటర్ అంటూ లైన్లు దాటుకుంటూ పోతారు. చెయ్యి ఊపులో ఉంటుంది కాబట్టి బగ్ ఉన్న లైన్ కూడా దాటేస్తారు. దాటాక వెనక్కి రావడానికి లేదు. అంటే, ఉంది. ప్రోగ్రామ్‌ను వెనక్కి నడిపించే సౌకర్యం 2009లో 7.0 వెర్షన్‌తో వచ్చింది. కాకపోతే 'రికార్డ్' అని ముందే చెప్పి ఉండాలి. తాము బగ్‌ను దాటేయబోతున్నామని దాటకముందే తెలిసిన మహానుభావులకే ఆ వరం. మిగతావాళ్లు 'ఆర్' కొడతారు. ప్రోగ్రామ్ ఇప్పటికే నడుస్తోంది కదా, మొదటి నుంచి మొదలుపెట్టనా అని అది అడుగుతుంది. 'వై' అంటారు. మళ్లీ ఎన్, మళ్లీ ఎంటర్. సహనం అనేది మనిషికి ఇలా అలవడుతుంది. కోడ్ మొత్తం స్క్రీన్ మీద పరుచుకుని, ఎక్కడున్నామో బాణం గుర్తు చూపిస్తూ ఉంటే సహనం ఎవరికి, ఎందుకు అలవడుతుంది?

ఈ పతనం జర్మనీలో మొదలైంది. బ్రౌన్‌ష్వైగ్ టెక్నికల్ యూనివర్సిటీలో డొరొతియా లుట్కెహౌస్, ఆండ్రియాస్ జెల్లర్ అనే ఇద్దరు 1990ల మధ్యలో డీడీడీ అని ఒకటి తయారుచేశారు. పూర్తి పేరు డేటా డిస్‌ప్లే డీబగ్గర్. అప్పటికే ఎక్స్ఎక్స్‌జీడీబీ లాంటివి ఉండేవి గానీ, వాటి బటన్లను చూసి ఎవరికీ ఆశ పుట్టేది కాదు కనుక చూసీ చూడనట్టు పోయాం. డీడీడీ అలా కాదు. అది డేటాను బొమ్మ గీసి చూపిస్తుంది. ఈ నేరం ఎంత తీవ్రమైనదో తెలియాలంటే, బొమ్మలు లేని రోజుల్లో పని ఎలా జరిగేదో తెలియాలి.

ఒక లింక్డ్ లిస్ట్ (ప్రతి ముక్కా, అంటే ప్రతి నోడూ, తర్వాతిది మెమరీలో ఎక్కడుందో చెప్పే గొలుసు) ఉంది, ప్రోగ్రామ్ దాని చివర ఎప్పటికీ చేరడం లేదు అనుకుందాం. లిస్ట్ మొదలు చూపించమని మనం 'పీ స్టార్ హెడ్' అని కొడతాం. మొదటి నోడ్‌లో ఏముందో, తర్వాతి నోడ్ అడ్రస్ ఏమిటో వస్తాయి. అడ్రస్ అంటే సున్నా ఎక్స్‌తో మొదలయ్యే ఓ పొడుగాటి హెక్సాడెసిమల్ సంఖ్య. దాన్ని కాగితం మీద రాసుకుంటాం. తర్వాత హెడ్ నుంచి నెక్స్ట్, ఆ తర్వాత హెడ్ నుంచి నెక్స్ట్ నుంచి నెక్స్ట్. ఆరో నోడ్ దగ్గరికి వచ్చేసరికి కమాండ్ స్క్రీన్ అంచు దాటి కింది లైన్‌లోకి మడత పడుతుంది. డాలర్ గుర్తు పెడితే వెనకటి జవాబునే మళ్లీ వాడుకోవచ్చని, ఒకసారి టైప్ చేసి ఎంటర్ కొడుతూ పోతే లిస్టంతా దానంతటదే నడుస్తుందని తెలిసినవాళ్లు మాలో ఉన్నారు. మాన్యువల్లోనూ ఉంది. కానీ అడగందే ఎవరూ చెప్పరు, అడగాలని ఎవరికీ తోచదు. సరే, కాగితం మీద మూడో అడ్రసూ తొమ్మిదో అడ్రసూ ఒకటేనని ఇప్పుడు మనం పట్టుకోవాలి. చివరి నాలుగంకెలు తప్ప అన్నీ ఒకేలా ఉంటాయి కనుక పట్టుకోలేం. భోంచేసి వచ్చాక పట్టుకుంటాం. ఆ ఆనందం అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఇక డీడీడీ చేసే పని చూడండి. పాయింటర్ (తర్వాతి నోడ్ అడ్రస్) మీద డబుల్ క్లిక్ చేస్తే పక్కన ఇంకో పెట్టె, మధ్యలో బాణం. మళ్లీ క్లిక్, మళ్లీ పెట్టె. ఒకే అడ్రస్‌లో ఉన్నవాటిని ఒకే పెట్టెగా చూపించమనే ఆప్షన్ పెట్టుకుంటే, ఎనిమిదో పెట్టె నుంచి బయల్దేరిన బాణం మెలి తిరిగి వచ్చి మూడో పెట్టెకు గుచ్చుకుంటుంది. బగ్ అక్కడే, కళ్లెదుట. కాగితం లేదు, పెన్ను లేదు, భోజన విరామం లేదు. మరి ఆ రోజు మధ్యాహ్నమంతా ఆ ఇంజనీర్ ఏం చేసినట్టు? సాయంత్రం స్టేటస్ కాల్‌లో ఏం చెప్పాలి? ఒక వృత్తి గౌరవం గురించి ఆ జర్మన్లు ఇసుమంతైనా ఆలోచించారా?

మా వర్గానిది ఒక రకంగా మడి. చేతులు కీబోర్డ్ మీద ఉన్నంతసేపూ మడి నిలుస్తుంది. మౌస్ తగిలిందా, మళ్లీ స్నానం చేసి రావాల్సిందే. అందుకే ఒక సంగతి మమ్మల్ని లోలోపల కలవరపెడుతుంది. డీడీడీ కిటికీ అడుగున ఒక చిన్న కన్సోల్ ఉంటుంది. పైన 'నెక్స్ట్' బటన్ నొక్కితే కింద ఆ కన్సోల్‌లో 'నెక్స్ట్' అనే కమాండే పడుతుంది. బటన్‌కు సొంత విద్య ఏమీ లేదు. మనం కొట్టే కమాండే అదీ కొడుతోంది, అదే జీడీబీ జవాబిస్తోంది. మరి మైల ఎక్కడ అంటుకున్నట్టు? ఈ ప్రశ్న మా సమావేశాల్లో ఒకసారి వచ్చింది. వెంటనే టీ బ్రేక్ ప్రకటించాం.

దీనికంటే బాధాకరం, సొంతవాళ్లే చేసిన ద్రోహం. జీడీబీ మనుషుల కోసం రాసే ఇంగ్లీషు వాక్యాల్లోంచి ఫ్రంటెండ్లు, అంటే డీడీడీ లాంటి బటన్ల ముసుగులు, ఒకప్పుడు సమాచారం ఏరుకునేవి. వాక్యంలో ఒక మాట మారితే చాలు, తెల్లమొహం వేసేవి. వాటి మానాన వాటిని వదిలేస్తే కొన్నేళ్లలో సహజ మరణం పొందేవే. కానీ జీడీబీవాళ్లే జాలిపడి ఎంఐ అని, అంటే మెషీన్ ఇంటర్‌ఫేస్ అని, ఫ్రంటెండ్లకు సులువుగా అర్థమయ్యే భాష ఒకటి తయారుచేసి ఇచ్చారు. అది చాలక టీయూఐ అని టెర్మినల్లోనే కిటికీలు తెరిచారు. కంట్రోల్ ఎక్స్, ఆపైన ఏ నొక్కితే పైన కోడ్, కింద ప్రాంప్ట్. మన ప్రోగ్రామ్ ఏదైనా ప్రింట్ చేసిందంటే ఆ కిటికీలు చెల్లాచెదురవుతాయి, కంట్రోల్ ఎల్ కొట్టి సర్దుకోవాలి. ఆ మేరకు దేవుడు ఉన్నాడు. కానీ 2023 డిసెంబర్‌లో వచ్చిన 14వ వెర్షన్‌లో, ఈ కాలపు ఎడిటర్లు మాట్లాడే డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్‌ను కూడా నేరుగా లోపలే పెట్టేశారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. జీడీబీ చిహ్నం ఆర్చర్ ఫిష్ అనే చేప. నీళ్లలోంచి ధార చిమ్మి పైన ఆకు మీదున్న పురుగును కొట్టి పడేస్తుంది. ఆ చేప ఏనాడైనా మౌస్ పట్టుకుందా?

బటన్ల వర్గం మాత్రం పత్తిత్తులేం కాదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్లను చూడండి. 'బ్రేక్ మెయిన్', 'రన్' అని రెండు కమాండ్లు టైప్ చేయడం కష్టమని లాంచ్ డాట్ జేసన్ అనే ఫైల్ రాస్తారు. అందులో బ్రేసులు, కొటేషన్లు, కామాలు, జీడీబీ ఏ ఫోల్డర్లో ఉందో దాని దారి, ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్లో ఉందో దాని దారి. దానికి తోడు టాస్క్స్ డాట్ జేసన్ అని తమ్ముడొకడు. ఇంతా చేసి కంపైల్ చేసేటప్పుడు, డీబగ్ సింబల్స్ (పేర్లు, లైన్ నంబర్లు) చేర్చే మైనస్ జీ పెట్టడం మరిచిపోతే, ఎర్రగా ఉండాల్సిన బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) చుక్క బూడిద రంగులో బోలుగా మిగులుతుంది. మెమరీలో పదహారు బైట్లు వరసగా చూడాలంటే మళ్లీ డీబగ్ కన్సోల్ తెరిచి, ముందు 'మైనస్ ఎగ్జెక్' అని తగిలించి, వెనక మా కమాండే కొట్టాలి: ఎక్స్ స్లాష్ 16 ఎక్స్ బీ. మొదటి ఎక్స్ అంటే చూపించమని, రెండో ఎక్స్ అంటే హెక్సాలో చూపించమని. ఇందులో అర్థం కానిది ఏముందో మాకు అర్థం కాదు. ఇక కంపైలర్ ఆప్టిమైజేషన్ (వేగం కోసం చేసే సవరణలు) పెంచినప్పుడు వేరియబుల్ విలువ ఉండాల్సిన చోట 'ఆప్టిమైజ్డ్ అవుట్' అని వస్తుంది చూడండి, అది మాత్రం ప్రాంప్ట్‌లోనైనా బటన్ల కింద అయినా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా వస్తుంది. ఆ ఒక్క విషయంలో సమానత్వం సాధించాం.

మన ఇంజనీరింగ్ కాలేజీల సంగతి కూడా చెప్పుకోవాలి. నీలి తెర టర్బో సీ మీద అక్షరాభ్యాసం చేసిన తరాలు మనవి. విండోస్ మారిపోయి అది నడవనన్నా డాస్‌బాక్స్ అనే పాత డాస్ నకలులో పెట్టి మరీ నడిపించాం. ఎఫ్7 నొక్కితే ఒక్కో లైనూ నడిచేది, ఎఫ్8 నొక్కితే ఫంక్షన్‌ను దాటేది, వేరియబుల్స్ చూసుకోవడానికి వాచ్ విండో ఉండేది. అంటే గ్రాఫికల్ డీబగ్గర్ చాలా వరకు మన లాబ్‌లోనే ఉంది. కానీ మాకు నేర్పింది కంట్రోల్ ఎఫ్9తో రన్ చేయడం, ఆల్ట్ ఎఫ్5తో అవుట్‌పుట్ చూసి రికార్డులో రాసుకోవడం. ఎఫ్7 జోలికి ఎవరూ పోలేదు. అలా ఏ వ్యసనం అంటకుండా మమ్మల్ని కాపాడిన లాబ్ అసిస్టెంట్లకు ఈ సందర్భంగా కృతజ్ఞతలు.

ఆ నిగ్రహం ఉద్యోగంలో అక్కరకొచ్చింది. అమెరికాలో క్లయింట్‌కు మిట్టమధ్యాహ్నం అంటే హైదరాబాద్‌లో అర్ధరాత్రి. సర్వర్‌లో ఏదో కూలుతుంది. ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచే లాగిన్ అయి, లోపలికి వెళ్తే నల్ల తెర, ఒక కోర్ ఫైల్ (కూలిన క్షణాన ప్రోగ్రామ్ మెమరీకి నకలు). అక్కడ డెస్క్‌టాప్ లేదు, ఎడిటర్ లేదు, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిషన్ లేదు. బటన్ల కుర్రాడు చేతులు నలుపుకుంటూ నిలబడతాడు. మావాడు 'బీటీ' అని రెండక్షరాలు కొడతాడు. ఏ ఫంక్షన్‌లోంచి ఏ ఫంక్షన్‌లోకి వెళ్లి చచ్చిందో వరసగా దిగుతుంది. వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతున్నాను, ఈ ఒక్క చోట మా వాదనకు తిరుగులేదు. నడుస్తున్న ప్రోగ్రామ్ విషయంలో మాత్రం జీడీబీ సర్వర్ అని చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది. అది అక్కడ మెషీన్‌లో నడుస్తుంటే ఇక్కడ లాప్‌టాప్‌లో కూర్చుని బొమ్మలన్నీ చూసుకోవచ్చు. కుర్రాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. చదువుతున్నవాళ్లు దయచేసి వాళ్లదాకా చేరనివ్వకండి.

మా రెండు వర్గాలకూ ఉమ్మడి శత్రువు ఒకరున్నారు: ప్రింట్‌ఎఫ్ వర్గం (ప్రింట్‌ఎఫ్ అంటే సీలో తెర మీద అక్షరాలు రాసే ఫంక్షన్). అనుమానం ఉన్న చోట ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టి, 'ఇక్కడికి వచ్చింది' అని రాసి, రన్ చేసి, బగ్ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయే జాతి. వాళ్ల వెనక పెద్ద పెద్దవాళ్లే ఉన్నారు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ తనకు డీబగ్గర్లంటేనే గిట్టదని, జీడీబీని వాడినా డీబగ్గర్‌లా వాడనని 2000లో కుండబద్దలు కొట్టాడు. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోకి దాని డీబగ్గర్ కేజీడీబీ ప్రవేశించడానికి 2008 దాకా, 2.6.26 వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. ప్రింట్‌ఎఫ్ వాళ్లను చూస్తే మేమూ బటన్లవాళ్లూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఈసడించుకుంటాం. సాయంత్రం ఆరింటికి వాళ్లు బ్యాగులు సర్దుకుని వెళ్తుంటే ఆ ఈసడింపు ఇంకాస్త పెరుగుతుంది.

కాబట్టి బటన్లను ఏకంగా నిషేధించమని మేము కోరడం లేదు. క్రమబద్ధీకరిస్తే చాలు. 'స్టెప్' బటన్ నొక్కిన ప్రతిసారీ 'అంటిల్'కూ 'ఫినిష్'కూ తేడా ఏమిటని అడిగి, సరైన జవాబు వస్తేనే అది కదలాలి. ఎంత పెద్ద మానిటర్ అయినా సరే కోడ్ పది లైన్లే కనపడాలి. లింక్డ్ లిస్ట్ బొమ్మ గీయవచ్చు, బాణాలు మాత్రం గీయకూడదు; అవి వాడేవాడే కాగితం మీద గీసుకోవాలి. జీడీబీ మొదట్లో చూపించే వారంటీ హెచ్చరిక క్లిక్ క్లిక్‌కూ రావాలి. ఇంటర్వ్యూల్లో అభ్యర్థి బగ్ పట్టుకోగలడా లేడా అనే అప్రస్తుత ప్రశ్నలు మానేసి, ఎక్స్ స్లాష్ 16 ఎక్స్ బీలో ఏ ఎక్స్ దేనికో అడగాలి. డీడీడీ 2009 తర్వాత పద్నాలుగేళ్లు మూలనపడి ఉండి 2023లో మళ్లీ కొత్త వెర్షన్‌తో లేచి కూర్చుంది కనుక, ఈ నిబంధనలు తక్షణం అమల్లోకి రావడం అవసరం.

అభ్యంతరాలు ఉన్నవారు కోర్ ఫైల్ రూపంలో పంపవలెను. స్క్రీన్‌షాట్లు స్వీకరించబడవు. సింబల్స్ లేని అభ్యంతరాలు చదవకుండానే తిరస్కరించబడును.