కొండ ఎవరిదో తేల్చిన బంతి

తిరుపతిలో పెళ్లికి వచ్చినవాడు అక్షింతలు వేసి ఊరుకోకూడదు. భోజనాల బంతిలో కూర్చుని తిరుమల కొండ ఎవరిదో తేల్చి మరీ లేవాలి. ఇది ఏ స్మృతిలో రాసి ఉందో గాని, ముప్పయ్యేళ్లుగా నేను తిన్న పెళ్లిభోజనాల్లో పప్పులో ఉప్పు మరిచినవి ఉన్నాయి తప్ప ఈ విచారణ మరిచినది ఒక్కటీ లేదు.

మొన్నటి సంగతే చూడండి. విస్తట్లో నెయ్యి పడకముందే చెన్నై పెద్దమనిషి పల్లవరాణి సామవైని సాక్షిగా ప్రవేశపెట్టారు. ఆమె సమర్పించిన వెండి భోగశ్రీనివాసమూర్తికే నేటికీ ఏకాంతసేవ జరుగుతుందని, వెయ్యికి పైబడిన శాసనాల్లో అధికభాగం తమిళమేనని, ఇక వాదించడానికి ఏముందని ఆయన తీర్పు. బెంగళూరు బావగారు వెంటనే, 1513కూ 1521కీ మధ్య ఏడుసార్లు కొండెక్కిన కృష్ణదేవరాయలను ఇద్దరు రాణులతో సహా తెచ్చి విస్తరి పక్కన నిలబెట్టారు. రాయలు కన్నడిగుల ఖాతాలో పడడం చూసి గుంటూరు మామగారికి అప్పడం గొంతుకు అడ్డం పడింది. ఆయన రాయలను ఇటు లాక్కుని, తోడుగా అన్నమయ్యను రాగిరేకులతో, తరిగొండ వెంగమాంబను హారతిపళ్లెంతో రప్పించారు. అదే రాయలు తమిళంలో, తెలుగులో, కన్నడంలో శాసనాలు వేయించిన సంగతి ఎవరికీ అవసరం పడలేదు. పెళ్లికొడుకు తండ్రికి స్నేహితుడైన మార్వాడీ సేటు మాత్రం, 1843 నుంచి 1933 దాకా కొండమీద పెత్తనం చేసిన హాథీరాంజీ మఠం మహంతులు ఏ దేశంవారని, గుడిలో తల్లితో, భార్యతో చేతులు జోడించి విగ్రహమై నిలబడ్డ తోడరమల్లు ఎవరని సన్నగా అడిగి, లడ్డు కొరికారు.

ఇక్కడితో ఆగితే అది తిరుపతి పెళ్లి ఎందుకవుతుంది? మహాద్వారం దగ్గర వేలాడే గునపం మీదికి వాదం మళ్లింది. రామానుజుల మాట మీద కొండకు వచ్చి పూలతోట వేసిన అనంతాళ్వారు చెరువు తవ్వుతుంటే, నిండుచూలాలైన భార్యకు తట్టలు అందిస్తూ ఒక కుర్రవాడు సాయం వచ్చాడట. వద్దన్నా వినలేదని ఆళ్వారు గునపం విసిరితే అది వాడి గడ్డానికి తగిలిందట. ఆ కుర్రవాడు సాక్షాత్తూ స్వామేనట. స్వామి గడ్డానికి పచ్చకర్పూరం అందుకే పెడతారట. ఇంతవరకూ నలుగురికీ ఏకాభిప్రాయమే. దెబ్బ తగిలినప్పుడు ఆ కుర్రవాడు ఏ భాషలో అరిచాడన్నదే ప్రశ్న. ‘అమ్మా’ అన్నాడని చెన్నై. ఖచ్చితంగా ‘అమ్మా’ అనే అన్నాడని బెంగళూరు. ‘అమ్మా’ తప్ప మరొకటి అనడానికి ఆస్కారమే లేదని గుంటూరు. ఈ మూడింటికీ గల తేడాను ముగ్గురూ ఆవేశంగా వివరిస్తుండగా రసం వచ్చింది.

ఆ రసం పోస్తున్న పెద్దాయన కొండమీద, మాడవీధిలో పుట్టాడు. ఆయన చిన్నతనంలో ఒక గుమ్మంలో తమిళం, ఎదుటి గుమ్మంలో కన్నడం, మఠం అరుగుమీద బైరాగుల హిందీ వినబడేవట. కూరగాయల దగ్గర మాత్రం అందరిదీ తెలుగేనట. 1944లో ఘాట్ రోడ్డు పడకముందు ఆయన తాత డోలీ మోసేవాడు. ఆ భుజాలమీద ఎక్కినవారి భాష ఏదైనా బరువు ఒక్కటేనని తాత అనేవాడట. తర్వాత మాడవీధుల వెడల్పులో ఇల్లు పోయింది. ఆ వీధివాళ్లు కొందరు బాలాజీ నగర్‌లో సర్దుకున్నారు, కొందరు కొండ దిగారు. ఆయన దిగినవారిలో ఒకడు.

అయ్యా, తెల్లవారుజామున దివిటీ పట్టుకుని అర్చకుడికి ముందు నడిచే సన్నిధి గొల్ల కాపురం ఉండేది ఇంట్లోనా, శాసనంలోనా? పదిహేనో శతాబ్దపు వేయికాళ్ల మండపాన్ని 2003లో పడగొట్టినప్పుడు ఈ వారసులందరూ ఏ బంతిలో కూర్చున్నారు? చచ్చిన రాణి కులగోత్రాలు కంఠస్థం పెట్టినవారికి, బతికున్న మనుషులు మూటాముల్లె సర్దుకుని మెట్లు దిగిపోవడం ఒక్క పూటైనా కనబడలేదా? సిగ్గు లేకపోతే సరి. ఊరు ఖాళీ అవుతుంటే లేవని నోరు ఊరు ఎవరిదో చెప్పడానికి మాత్రం లేస్తుంది!

ఈ మాట నేను బంతిలో అనలేదు. మజ్జిగ కోసం ఆగాను.

చెన్నై పెద్దమనిషి తలెత్తి, “పెద్దాయనా, మీదే ఊరు?” అన్నారు.

“కొండే సామీ.”

“కొండమీద ఊరెక్కడిదయ్యా! గుడి గదా.” బెంగళూరు, గుంటూరు కూడా నవ్వారు. గునపం కథ తప్పిస్తే, ఆ సాయంత్రమంతటికీ వారు ముగ్గురూ ఏకమైంది ఈ ఒక్క విషయంలోనే. తర్వాత గుంటూరు మామగారు గొంతు తగ్గించి, “కొండవాడివంటున్నావు, పైన తెలిసినవాళ్లుంటారు గదా. రేపటికి నాలుగు బ్రేక్ దర్శనాలు చూడరాదూ?” అని అడిగారు.

పెద్దాయన గరిటె వంచి ఆయన విస్తట్లో ఇంకాస్త రసం పోశాడు.

“రేపు నేనూ క్యూలోనే సామీ. సర్వదర్శనం.”