తేలినీలాపురం పక్షులు సైబీరియావి కావు

వానలు వెనకబట్టే రోజుల్లో ఏటా ఓ వార్త వస్తుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి సైబీరియా నుంచి విదేశీ అతిథులు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చేశాయని. ఫొటోలు బాగుంటాయి, చదివితే సంతోషంగానూ ఉంటుంది. కానీ ఆ వార్త నిజం కాదు.

ఆ ఊరి చెట్ల మీద దిగేవి ముఖ్యంగా గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్కులు). రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాలో వీటి ఉనికే లేదు. చలి తట్టుకోలేక ఉత్తరం నుంచి మన వైపు వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. అవి ఇక్కడ మేత మేసి, బలం పుంజుకుని, గుడ్లు పెట్టడానికి తిరిగి తమ చోటికే పోతాయి. తేలినీలాపురానికి వచ్చేవి అలా కాదు. ఇక్కడ గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉండి మరీ వెళతాయి. ఇది కనిపెట్టడానికి శాస్త్రం చదవక్కర్లేదు, ఆ చెట్ల కింద ఒక పూట నిలబడి తలెత్తి చూస్తే చాలు. ఇన్నేళ్లుగా ఆ తప్పు వార్తలో అలాగే ఉండిపోయిందంటే, మనం పక్షుల్ని చూడటం మానేసి పక్షుల గురించిన వార్తల్ని చూస్తున్నామని అర్థం.

చెట్టు కిందికి వెళితే ముందు తెలిసేది వాసన. కుళ్లిన చేపలు, రెట్టలు కలిసిన ఆ ఘాటు వాసన ఏ ఫొటోలోనూ పట్టదు. ఊరివాళ్లు దాన్ని నెలల తరబడి భరిస్తారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా ఆ పక్షుల్ని చూసుకుంటామని చెప్తారు. ఆ మాట వెనక ఎంత ఓర్పు ఉందో అక్కడ పది నిమిషాలు నిలబడితే గానీ తెలియదు. పైన గూట్లో గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు తల్లే పిల్లను మింగేస్తోందేమో అనిపిస్తుంది. ఎండ ముదిరితే ఎర్రకాళ్ల కొంగ గూటి అంచున రెక్కలు పరిచి, పిల్లల మీదికి నీడ పడేలా నిలబడిపోతుంది.

మేతకు వెళ్లిన కొంగను చూడటం ఇంకా బాగుంటుంది. మోకాలి లోతు బురద నీళ్లలో ముక్కు సగం తెరిచి, అటూ ఇటూ ఊపుతూ, ఒక కాలితో నీళ్లు కదుపుతూ నడుస్తుంది. దానికి చేప కనబడాల్సిన పని లేదు, ముక్కుకు తగిలితే చాలు, టక్కున మూసేస్తుంది. ఈ పద్ధతి లోతు లేని నీళ్లలోనే సాగుతుంది. చెరువును లోతుగా తవ్వి చుట్టూ రాతి కట్ట కట్టి సుందరీకరణ అంటే ఈ కొంగకు తిండి పోయినట్టే. ఏసీ గదిలో ఆ డిజైన్ గీసిన ఇంజినీరు దుర్మార్గుడేం కాదు, కొంగ ఎలా తింటుందో ఆయన చూడలేదు, అంతే.

ఎక్కడి పక్షులైతే ఏంటి, కాపాడితే చాలదా అని అడగొచ్చు. చాలదు. అతిథి అనుకుంటే ఆర్నెల్లు మర్యాద చేసి సాగనంపితే సరిపోతుంది. ఇక్కడి పిల్లే అనుకుంటే మన చెరువులు, ఉప్పుటేర్లు, తంపరలు అనే చిత్తడి నేలలు ఏడాది పొడవునా బాగుండాలి. 2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చనిపోయాయి. తిన్న చేపల ద్వారా చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ జబ్బు సైబీరియా నుంచి రాలేదు. అవి రోజూ మేసే నీళ్లలోంచే వచ్చింది.

దగ్గరికి వెళ్లడమంటే మీద పడటం కాదు, ఇది గట్టిగా చెప్పాలి. గూళ్ల మీదికి డ్రోన్ ఎగరేసి రీల్ తీసుకునేవాడు చెట్టు పక్కనే నిలబడినా దూరంగా ఉన్నట్టే. వాడి కళ్లు స్క్రీన్ మీదే ఉంటాయి, పైన బెదిరిన పక్షి గుడ్లు వదిలేసి లేస్తుంది. ఓ బైనాక్యులర్, కాస్త ఓపిక ఉంటే చాలు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచీ జరుగుతోంది. అందులో మామూలు జనం కూడా పాల్గొనొచ్చు. మీ ఊరి చెరువు దగ్గర చూసిన పక్షుల్ని లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదుచేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో ఎక్కించడానికి డిగ్రీలు అక్కర్లేదు. బడి పిల్లల్ని పిక్నిక్ అని రిసార్టుకు తీసుకెళ్లే బదులు ఓ శనివారం పొద్దున ఊరి చెరువు గట్టుకు తీసుకెళ్లండి. ఖర్చు కూడా ఉండదు.

ఇదంతా తీరికున్నవాళ్ల సరదా అనుకునేవారు ఇదే జిల్లాలోని సోంపేటను గుర్తుచేసుకోవాలి. అక్కడ బీల ఉంది. ఆ చిత్తడి నేల మీద రైతులు పంటలు పండించుకుంటారు, మత్స్యకారులు చేపలు పట్టుకుంటారు. అక్కడే 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటుకు 2009 డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. బీలలో దిగి బతికేవాళ్లకు అది అన్నం పెట్టే నేల, కాగితం మీద చూసినవాళ్లకు మాత్రం ఖాళీ స్థలం. జనం ఎదురు తిరిగారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసిందీ ఆ రోజే. ఏడు నెలలకు, 2011 ఫిబ్రవరిలో, కాకరాపల్లి తంపర దగ్గర మరో థర్మల్ ప్లాంటు మీద జరిగిన పోరాటంలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

చిత్తడి నేలను మే నెలలో చూస్తే బంజరులాగే ఉంటుంది. పగుళ్లిచ్చిన మట్టి, ఎండిన తుంగ తప్ప ఏమీ కనబడవు. అదే నేలను అక్టోబరులో చూస్తే నీళ్లు, చేపలు, పక్షులు, వలలు వేసుకుని కూర్చున్న మనుషులు కనబడతారు. అందుకే ఇలాంటి చోట్ల ఏ ప్రాజెక్టుకైనా అనుమతి ఇచ్చే ముందు నిపుణుల కమిటీ ఆ నేలను ఎండల్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి స్వయంగా తిరిగి చూడాలని నిబంధన పెట్టాలి. కట్ట మీద జీపు ఆపి చూసి పోవడం కాదు, అక్కడ వల వేసేవాళ్లు ముందు నడుస్తుంటే వాళ్ల వెనక నీళ్లలో దిగి నడవాలి. వాళ్లు చెప్పింది నివేదికలో వాళ్ల మాటల్లోనే ఉండాలి.