విషపు సూదికి ఓటు ముద్ర

హనుమకొండ జిల్లా శాయంపేట, ఆరెపల్లి గ్రామాల్లో సుమారు 300 వీధి కుక్కలను విషమిచ్చి చంపారన్న ఫిర్యాదుపై 2026 జనవరిలో పోలీసులు కేసు నమోదు చేశారు. నిందితుల్లో సర్పంచులు కూడా ఉన్నారు. కామారెడ్డి, జగిత్యాల జిల్లాల నుంచీ ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో కుక్కల బెడద తీరుస్తామని ఇచ్చిన మాట కోసమే ఈ పని చేశారని అంటున్నారు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ మాటే. చట్టం నేరమన్న పనికి ఓటు అడగవచ్చని, గెలిచాక దాన్ని పాలన కింద జమకట్టవచ్చని ఒక్కసారి అలవాటైతే ఆ అలవాటు కుక్కల దగ్గరే ఆగదు.

ప్రజల భయం నిజమైనదే. 2023 మేలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర కుక్కల దాడిలో ఒక బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ దుఃఖాన్ని ఈ పత్రిక మరచిపోలేదు. కానీ విషం పెట్టినంత మాత్రాన మరో బిడ్డకు రక్షణ దొరకదు.

ఎందుకు దొరకదో పశువైద్యులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మాంసం దుకాణాల వ్యర్థాలు, ఫంక్షన్ హాళ్ల వెనుక పారేసిన విస్తళ్లు ఉన్నంత కాలం చచ్చిన కుక్క చోటులోకి పక్క ఊరి కుక్క వస్తుంది. ఆడకుక్క చూలు నిలిచిన రెండు నెలలకే ఈనుతుంది, ఏడాదిలో రెండు ఈతలు ఈనగలదు. పైగా వచ్చే కుక్కకు టీకా పడి ఉండదు. ఊరి కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడితేనే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. టీకా వేసిన కుక్కలనూ వేయని కుక్కలనూ కలిపి గోతిలో పాతితే ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ రోగి బతకడం దాదాపు అసాధ్యం.

చేయవలసిన పనిని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు స్థానిక సంస్థలకే అప్పగించాయి. పట్టాలి, కుటుంబ నియంత్రణ (కు.ని.) శస్త్రచికిత్స చేయాలి, టీకా వేయాలి, చెవికి కోత గుర్తు పెట్టాలి, పట్టిన చోటే వదలాలి. రేబిస్ సోకినవాటిని, జనంపై పడి కరిచేవాటిని వదలవద్దని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తరలించాలని నవంబరు 7న ఆదేశించింది. ఇంత దారి ఉండగా విషపు సూది పట్టుకోవడం చేతగానితనం. ఆ చేతగానితనానికి ఓటు ముద్ర పడిందని చెప్పుకోవడం ఇంకా ప్రమాదం.

పెంచుకునేవారినీ వదిలిపెట్టలేము. హనుమకొండ కాలనీల్లో ముచ్చటపడి తెచ్చిన కుక్క ముసలిదైతే, రోగమొస్తే, ఊరి చివర దించి వస్తున్నవారు ఎవరో చుట్టుపక్కల వారికి తెలుసు. పుట్టినవి ఆడకూనలైతే సంచిలో తీసుకెళ్లి చెరువు కట్ట మీద వదిలేవారూ తెలుసు. వీధి కుక్కల మందలో కొంత భాగం ఇలా మన గడపలు దాటి వెళ్లినదే. జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, అయితే మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక చాయ్, రెండు సమోసాల ఖరీదుకు ఎవరు భయపడతారు? ఆ సెక్షన్‌ను పార్లమెంటు ఇన్నేళ్లు అలాగే ఉంచడం సిగ్గుచేటు. పెంపుడు కుక్క వల్ల ఇతరులకు ప్రమాదం జరగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోలీసులు దాన్ని వాడాలి. లైసెన్సు లేకుండా, టీకా వేయించకుండా, గొలుసు లేకుండా కుక్కను రోడ్డు మీదికి తెచ్చే యజమాని వీధి కుక్కల గురించి ఫిర్యాదు చేసే హక్కును వదులుకున్నట్టే.

వరంగల్ నగరపాలక సంస్థ, జిల్లాల పంచాయతీ అధికారులు ప్రతి నెలా వార్డుల వారీగా, గ్రామాల వారీగా ఎన్ని శస్త్రచికిత్సలు, ఎన్ని టీకాలు చేశారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. చంపడాన్ని ఘనకార్యంగా ప్రకటించిన నాయకుడు ఏ పార్టీవాడైనా ఆ పార్టీ అతన్ని నిలదీయాలి. ఫిర్యాదులు నిజమని తేలితే, ఆ గ్రామాల పాలకులు గ్రామసభలో నిలబడి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: విషానికి దొరికిన డబ్బు, మనుషులు, తీరిక టీకాలకు ఎందుకు దొరకలేదు?