డిశ్చార్జ్ కాగితంలో 24వ గడి

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చేవారి చేతికి ఒక కాగితం ఇస్తారు. దాన్నే డిశ్చార్జ్ కాగితం అంటారు, దాని పేరు డీడీ-214. అందులో 24వ గడిలో ఉండే రెండు మూడు మాటల మీదే ఆ మనిషి మిగతా బతుకు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ‘హానరబుల్’ (గౌరవప్రదం) అని ఉంటే చదువుకు మాజీ సైనికుల కోసం చేసిన జీఐ బిల్లు చట్టం కింద సాయం, వైద్యం, ఇంటి రుణం అందుతాయి. ‘జనరల్’ అని ఉంటే చదువు సాయం పోతుంది. ‘అదర్ దేన్ హానరబుల్’ (గౌరవప్రదం కానిది) అని ఉంటే దాదాపు ప్రతి మేలుకూ అర్హత ఉందా లేదా అన్న విచారణ ఎదురవుతుంది. ఈ చివరి ముద్రను కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థాన విచారణ) లేకుండానే, శాఖాపరమైన చర్యతోనే వేయొచ్చు. వేసేది సైన్యం. తప్పయితే తుడిపించుకునే భారం మాత్రం మాజీ సైనికుడిదే. నా అభ్యంతరం దీని మీదే.

ఈ అన్యాయం ఎంత దూరం పోగలదో తెలియాలంటే బ్రౌన్స్‌విల్ కథ చూడాలి. 1906 ఆగస్టు 13 అర్ధరాత్రి టెక్సాస్‌లోని ఆ ఊళ్లో కాల్పులు జరిగాయి. బార్‌లో పనిచేసే ఒకతను చనిపోయాడు, ఒక పోలీసు అధికారి గాయపడ్డాడు. నింద పక్కనే ఉన్న ఫోర్ట్ బ్రౌన్‌లోని 25వ పదాతి దళం మీద పడింది. వాళ్లంతా నల్లజాతి సైనికులు. ఆ వేళ మావాళ్లు బ్యారక్స్‌లోనే ఉన్నారని వాళ్ల తెల్ల అధికారులే చెప్పారు. ఎవరు కాల్చారో చెప్పమని సైనికులను నిలదీశారు. తెలియని సంగతి వాళ్లేం చెబుతారు? ఆ మౌనాన్నే కుట్రగా లెక్కగట్టి, కోర్టు విచారణ అన్నది లేకుండా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 167 మందిని సైన్యం నుంచి గెంటేశాడు. ప్రభుత్వోద్యోగాలకూ పనికిరారన్నాడు. వాళ్లలో సార్జెంట్ మింగో సాండర్స్ ఒకడు. పాతికేళ్లకు పైగా సేవ చేసి, పింఛనుకు చేరువలో ఉన్నవాడు.

ఒహాయో సెనేటర్ జోసెఫ్ ఫోరేకర్ వాళ్ల కోసం గట్టిగా పోరాడాడు. చివరికి 14 మందికి మాత్రమే మళ్లీ చేరే అవకాశం దక్కింది. తక్కినవాళ్లలో దాదాపు అందరూ ఆ మచ్చతోనే పోయారు. 1972లో కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు ఆగస్టస్ హాకిన్స్ పట్టుబట్టాక సైన్యం అందరి డిశ్చార్జినీ గౌరవప్రదంగా మార్చింది. అప్పటికి బతికున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. డోర్సీ విల్లిస్ వాళ్లలో ఒకడు. దశాబ్దాల పాటు మినియాపొలిస్‌లోని ఒక క్షౌరశాలలో నేల ఊడ్చి, వచ్చేపోయేవాళ్ల బూట్లు తుడిచి పొట్ట పోసుకున్నాడు. 1973 ఫిబ్రవరిలో, ఎనభై ఏడో ఏట, కాగితం చేతికొచ్చింది. ఆ తర్వాత 25 వేల డాలర్ల పరిహారం ఇచ్చారు. 1977లో కన్నుమూశాడు. ఇరవై ఏళ్ల కుర్రాడిగా పోగొట్టుకున్న ఉద్యోగానికి ముసలితనంలో ఇచ్చిన డబ్బు ఏ మూలకు?

ఇప్పుడు పద్ధతి ఉంది, కాదనను. సైన్యం వదిలిన 15 ఏళ్లలోపు అయితే డీడీ-293 ఫారం నింపి డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకు పంపాలి. ఆ గడువు దాటితే డీడీ-149 ఫారంతో రికార్డులు సరిదిద్దే బోర్డు గడప తొక్కాలి. రెండుచోట్లా అధికారులు చేసింది సరైనదేనన్న నమ్మకంతోనే విచారణ మొదలవుతుంది, కాదని నిరూపించాల్సింది దరఖాస్తుదారు. వియత్నాం నుంచి వచ్చి నిద్రపట్టక, తాగి, డ్యూటీ ఎగ్గొట్టి దొరికిపోయిన కుర్రాడినే తీసుకోండి. యుద్ధంలాంటి భయానక అనుభవాల తర్వాత మనసును వదలని అతని జబ్బుకు పీటీఎస్‌డీ అన్న పేరు వైద్య గ్రంథాల్లోకి ఎక్కిందే 1980లో. అంతకు ముందటి ఫైల్లో ఆ రోగనిర్ధారణ ఎక్కణ్నుంచి వస్తుంది? ఇలాంటి కేసులను ఉదారంగా చూడమని రక్షణ మంత్రి చక్ హేగెల్ 2014లో బోర్డులకు చెప్పాడు. బాధితుడి సొంత వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని 2017లో మరో ఉత్తర్వు వచ్చింది. మంచి మాటలే. కానీ ముందు ఆ మనిషి దరఖాస్తు పెట్టాలిగా! తలపై కప్పు లేనివాడు, నలభై ఏళ్లుగా ఆ కాగితాన్ని పెట్టె అడుగున దాచి ఇంట్లోవాళ్లకు కూడా చూపించనివాడు ఫారం ఎలా నింపుతాడు?

నిజంగా ఘోరాలు చేసినవాళ్లకూ గౌరవం కట్టబెట్టాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. అలాంటివాళ్లను వడకట్టడానికే బోర్డులున్నాయి. నేనడిగేది ఒక్కటే. తప్పు ఒక విధానంలోనే ఉందని ప్రభుత్వం ఒప్పుకున్నాక, ఒక్కొక్కరూ వచ్చి మొరపెట్టుకునేదాకా ఎదురుచూడటం ఎందుకు?

ఇది చేయలేని పనేం కాదు. స్వలింగ సంపర్కులన్న కారణంతో సైనికులను తొలగించిన ‘డోంట్ ఆస్క్, డోంట్ టెల్’ విధానం 2011లో రద్దయింది. ఆ బాధితుల ఫైళ్లను అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ తనంతట తానే తిరగేసి, 800 మందికి పైగా డిశ్చార్జిని మెరుగుపరిచినట్టు 2024 అక్టోబరులో ప్రకటించింది. ఎవరూ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేకపోయింది. కానీ ఆ విధానం రాకముందు, ఇదే కారణంతో గెంటేసినవాళ్లకు ఈ వెసులుబాటు దక్కలేదు. డీడీ-149 ఎవరికి వాళ్లే నింపుకోవాల్సి వచ్చింది. 1960ల్లో యూనిఫాం విప్పించుకున్నవాళ్లు ఇప్పుడు డోర్సీ విల్లిస్ వయసుకు దగ్గరపడ్డారు.