కొర్రల ప్యాకెట్ ఎవరిని నమ్మి కొంటున్నాం?

షుగర్ ఉందని తేలిన ఇంట్లో ముందు మారేది వంటిల్లే. బియ్యం డబ్బా పక్కకు పోతుంది. కొర్రలు, అరికెలు, అండుకొర్రలు వచ్చి చేరతాయి. మార్పు మంచిదే. కానీ దాని వెనక ఏ నమ్మకం ఉందో కూడా చూడాలి. ఆ తిండితో మేలు జరుగుతుందా లేదా అన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుందని నా అభిప్రాయం.

తన ఆరోగ్యం ఎవరి చేతుల్లో ఉందని మనిషి అనుకుంటాడో కొలవడానికి 1978లో అమెరికాలో కెన్నెత్ వాల్‌స్టన్, బార్బరా వాల్‌స్టన్, మరో సహచరుడు కలిసి ఒక ప్రశ్నావళి ప్రచురించారు. అందులో మూడు రకాల నమ్మకాలు విడిగా కనిపిస్తాయి. అంతా నా చేతుల్లోనే ఉందనేది ఒకటి, డాక్టరు లాంటి వాళ్ల చేతుల్లో ఉందనేది రెండోది, తలరాత అనేది మూడోది.

హెల్త్ ఫుడ్ కొనేవాళ్లంతా మొదటి రకమే అనుకుంటాం. మన దగ్గర అలా లేదు. యూట్యూబ్‌లో ఫలానా ఆయన చెప్పాడని కొనేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. ఇది రెండో రకం నమ్మకమే. కాకపోతే డాక్టరు కుర్చీలో వీడియోలో మాట్లాడే మనిషి కూర్చున్నాడు.

ఈ రెండు రకాలవాళ్లూ కొనే ప్యాకెట్ ఒకటే, తేడా కంచం దగ్గర తెలుస్తుంది. వంద గ్రాముల కొర్రల్లో దాదాపు 60 గ్రాములు పిండిపదార్థమే. తన మీద తనకు నమ్మకం ఉన్నవాడు తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకుంటాడు. పెరిగితే కొర్రన్నం తగ్గించి పప్పు, కూర ఎక్కువ వేసుకుంటాడు. వీడియోను నమ్మినవాడు మాత్రం కొర్రలే కదా అని మారు వడ్డించుకుంటాడు. కొందరైతే టాబ్లెట్లే మానేస్తారు. తీరా షుగర్ పెరిగాక కూడా చెప్పినవాణ్ని అనరు, నియమం సరిగ్గా పాటించలేదేమోనని తమనే తిట్టుకుంటారు. పెత్తనం ఒకరిది, తప్పు ఇంకొకరిది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

కంపెనీలకూ ఈ నమ్మకం విలువ బాగా తెలుసు. ఆహార భద్రత చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ పేరుతోనే అమ్మారు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం చెప్తే తప్ప ఆన్‌లైన్ అమ్మకాల సైట్లు బోర్న్‌విటా లాంటివాటిని ఆ వరస నుంచి తీయలేదు.

ఇక తలరాత అనేవాళ్లను తేలిగ్గా తీసిపారేస్తాం. తెలంగాణలో 2025 నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది పేదలకు పెద్ద ఆసరా, కాదనను. అయితే కూలి డబ్బుతో బతికే, షుగర్ ఉన్న ఒక ఆడమనిషికి ఇంట్లో ఉన్నది ఆ బియ్యమే. కొర్రబియ్యం కొనాలంటే రేటు చూసి వెనక్కి రావాలి. నీ ఆరోగ్యం నీ చేతుల్లోనే ఉందని ఆమెకు ఎలా చెప్తాం? కావాలన్నవాళ్లకు బియ్యంలో కొంత బదులు జొన్నలో కొర్రలో ఇవ్వాలి. ఊళ్లోని పల్లె దవాఖానాలో అడిగినప్పుడల్లా షుగర్ చూడాలి. ఆ తర్వాత కూడా ఆమె తలరాత అంటే, అప్పుడు నమ్మకాల గురించి మాట్లాడదాం.