నీలిమందు పంచె

కోనసీమలో కాలవగట్టు మీద ఇల్లు, డెబ్బై దాటిన రిటైర్డు మాస్టారు. రెండేళ్లుగా ఇంట్లో ఒకటే గొడవ.

"ఏమే, పంచె ఉతికావా, పసుపులో ముంచావా?"

"కాలవ నీళ్లండీ, నన్నేం చెయ్యమంటారు?" అంటూ ఆవిడ బకెట్లో నీలిమందు ఇంకో మూత వంచేవారు. మర్నాడు మళ్లీ అదే మాట. మళ్లీ ఇంకో మూత.

కాలవ నీళ్ల తప్పేం లేదు. కంటిపాప వెనక ఉండే కటకం, అదే లెన్సు, అడ్డంగా 9, 10 మిల్లీమీటర్లు. ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర వేసుకుంటూ పెరుగుతుంది. చర్మమైతే పాతది రాల్చేస్తుంది. ఇదేమో సంచిలో బిగించి ఉందాయె, ఎక్కడికని రాలుతుంది? అమ్మ కడుపులో ఉన్నప్పుడు పడ్డ పోగులు డెబ్బైలోనూ నడిమధ్యనే ఉంటాయి. రక్తనాళాలు లేవు, పాడైన ప్రోటీను మార్చే దారీ లేదు. అది ముద్దకట్టి మసకబారుతుంది, పసుపెక్కుతుంది, ముదిరితే కాఫీ రంగే. ఇదే శుక్లం. తేనె, ఉల్లిరసం చుక్కలు వేసేవాళ్లున్నారు. ఉడికిన తెల్లసొన మళ్లీ పచ్చిసొన అవుతుందా?

పసుపెక్కిన కటకం ముందు మింగేది నీలం రంగునే. అందుకే ఆవిడ పోసిన మూతలేవీ మాస్టారి లెక్కలోకి రాలేదు. మామూలుగా ఇంత మెల్లగా వచ్చే మార్పుకి మెదడు సర్దుకుపోతుంది. మాస్టారి మెదడు ఎవరితోనూ సర్దుకుపోయే రకం కాదు.

ఈలోగా ఇంకో సంబరం. చత్వారం అద్దాలు లేకుండానే పేపరు చదివేస్తున్నారు! కటకం నడిమి గట్టిపడితే వెలుగుని ఎక్కువ వంచుతుంది, దగ్గరవి కొన్నాళ్లు బాగా కనిపిస్తాయి, దూరానివి అలుక్కుపోతాయి. కళ్లకి మళ్లీ పాతికేళ్లొచ్చాయని ఊరంతా చెప్పి, రావులపాలెంలో రాజమండ్రి బస్సనుకుని తణుకు బస్సెక్కారు. సిద్ధాంతం బ్రిడ్జి దాటాక గానీ తెలిసిరాలేదు.

"శుక్లం ముదరనిద్దాం" అన్నారు ఇంటికొచ్చి. ముదరబెట్టడానికి అదేం అరటిగెల కాదు. గట్టిపడేకొద్దీ దాన్ని పగలగొట్టడమే కష్టం.

మొత్తానికి కుడికన్ను చేయించారు. లోపల పెట్టే లెన్సు పవరు కోసం ముందు కంటి పొడవు కొలిచారు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రెండున్నర, మూడు పాయింట్ల పవరు తప్పుతుంది. 3 మిల్లీమీటర్లకి లోపు కోత, సంచి ముందు పొరలో గుండ్రటి కన్నం, అల్ట్రాసౌండుతో కటకాన్ని నలగ్గొట్టి పీల్చెయ్యడం, మిగిలిన సంచిలో మడత లెన్సు విప్పడం. మాస్టారు జేబులో అద్దాలు వెతుక్కునే టైము కూడా పట్టలేదు.

మర్నాడు కట్టు విప్పారు. మాస్టారు ఎడంకన్ను మూశారు, తెరిచారు. కుడికన్ను మూశారు, తెరిచారు.

"ఏమే, ఈ నీలం పంచె ఎవరిది?"

"మీదేనండీ."

"రెండేళ్లూ పెళ్లిళ్లకి దీంతోనే తిరిగానా?"

"ఆయ్. ఎడంకన్ను వచ్చే నెల చేస్తారంట. అందాకా ఏ కంటికి తగ్గట్టు ఉతకమంటారో చెప్పండి."